గుమ్మడి తీగపై ఏ పిందెను నిలుపవలెను?

గుమ్మడి పాదు బాగుగా సాగిన యేడు తీగ పొడవునా పిందెలు కనిపించును. వానిలో ఒక్కటి ఉంచి తక్కినవి కోయుమన్నచో రైతుకు చేయి రాదు. ఇంటి ఆడవారికి అసలే రాదు. అయినను పెద్దకాయ కావలెనన్న ఈ పని తప్పదు. ఏ పిందెను ఉంచవలెను, తక్కినవానిని ఎప్పుడు కోయవలెను అనునవి రెండు ప్రశ్నలు. ఎక్కువమంది పొరపడునది రెండవదానిలోనే.

బోధన్ ప్రాంతపు రైతులకు దీని మూలము సులభముగా తెలియును. చెరకులో చక్కెర ఆకున తయారై గడలో నిలువ యగును. గుమ్మడిలోను ఆకే చక్కెరను చేయును. అది గడకు బదులు కాయకు చేరును. 2015లో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడిన తరువాత ఈ ప్రక్కన చెరకు తగ్గినది గాని, చెరకు పండించిన చేతులు ఈ సంగతి మరచియుండవు. ఆకుల సంపాదనను అయిదు కాయలు పంచుకొనుటయా, ఒక్క కాయ తినుటయా అనునదే ఇచటి లెక్క.

తీగపై మొదట మగపూలు వచ్చును. వాని తరువాత వచ్చు ఆడపూవు క్రింద చిన్న పిందె ఉండును. ఎండ ముదిరినకొలది మగపూలు హెచ్చి ఆడపూలు తగ్గును. కావున మన జిల్లాలో జూన్-జూలైలో గాని, డిసెంబరు-జనవరిలో గాని విత్తుట మేలు.

మొదలునుండి నాలుగైదు అడుగులలోపల వచ్చిన తొలి పిందెను కనబడిననాడే తీసివేయవలెను. అప్పటికి తీగకు ఆకులు చాలవు. పైగా ఒక కాయ ఊరుచుండగా తరువాతి ఆడపూలు నిలువక రాలుట గుమ్మడి స్వభావము. తొలి పిందెపై ఆశపడినవారు దానివెనుక రావలసిన మంచి పిందెలను పోగొట్టుకొందురు. ప్రధాన తీగపై ఎనిమిది మొదలు పండ్రెండు అడుగుల దూరములో వచ్చు రెండు మూడు పిందెలే మనకు కావలసినవి. ప్రక్కతీగల పిందెలు వీనికి సాటిరావు. తేనెటీగలపై భారము వేయక, ఉదయము ఎనిమిది గంటలలోపల మగపూవు రేకులు త్రుంచి, పుప్పొడిని ఆడపూవు మధ్యనున్న కీలాగ్రమునకు అద్దవలెను. మధ్యాహ్నమునకు పూవు ముడుచుకొనును. అద్దిన తేదీని ఒక పుల్లపై వ్రాసి ప్రక్కన గ్రుచ్చవలెను. ఈ పుల్ల ముందు ముందు చాల పనికివచ్చును.

ఇక తొడిమను చూడవలెను. లావుగా, కొంచెము పొడవుగా ఉండి తీగకు అడ్డముగా నిలిచిన తొడిమ మంచిది. తొడిమ తీగను అంటుకొని యిరుకు మూలగా ఉన్నచో, కాయ ఉబ్బినప్పుడు దాని భుజము తీగను నెట్టి తొడిమ చీలిపోవును. పిందె తక్కిన అన్నిటను మేలైనదైనచో, సాయంకాలమున తొడిమ మెత్తబడినప్పుడు రోజుకు కొద్దికొద్దిగా త్రిప్పి సరిచేయవచ్చును. ఉదయమున తొడిమ పెళుసుగా నుండును, అప్పుడు ముట్టరాదు. కాయ దగ్గరి కణుపులు నేలలో వేరుపోసియున్న, ఆ వేళ్లను పెకలించినచో కాయతోపాటు తీగయు పైకి లేచును.

ఇప్పుడు కోత సంగతి. ఒక యేడు ఈ వ్యాసకర్త తన పెరటి పాదులో అయిదవనాడే ఒక్క పిందె నుంచి తక్కినవి కోసివేసెను. వారము తిరుగకముందే ఆ ఒక్కదానిని పండు ఈగ కుట్టినది. లోపల పురుగుపడి పిందె కుళ్లినది. ఆ యేడు తీగ తప్ప మరేమియు మిగులలేదు. కావున రెండు మూడు పిందెలను పదిహేను, ఇరువది దినములు ఉంచి, పలుచని గుడ్డసంచి కప్పి, పదవనాటినుండి నూలుదారముతో చుట్టుకొలత తీయుచుండవలెను. పెద్దదిగా కనబడునదే మంచిదని తలపరాదు. అది ముందు పుట్టినది కావచ్చును. పుల్లపై తేదీ చూచి ఒకే వయసున పోల్చవలెను. ఉదాహరణకు, పది దినముల వయసున ఒకటి 16 అంగుళములు, మరొకటి 14 అంగుళములు ఉండి, పదునాలుగవనాటికి మొదటిది 20, రెండవది 21 అయినచో, రెండవదే ఉంచదగినది. తక్కినవానిని లాగక కత్తితో కోయవలెను. లేతవి కూరకు వచ్చును గనుక ఇంట్లో కొంత శాంతి యుండును.

కోసిన వెంటనే నీరు కుమ్మరింపరాదు. ఎండిన నేలపై కాలువ నీరు ఒక్కసారి పారినచో కాయ పగులును. తడి తరచుగా, కొలతగా ఇచ్చి, కాయ క్రింద ఇసుకగాని ఎండిన చెరకు ఆకుగాని పరచవలెను.

విత్తనపు హద్దును మరువరాదు. అర్క చందన్ కాయ రెండు మూడు కిలోలది. ఒక్కటే ఉంచినంతమాత్రమున అది గంపంత కాదు. పెద్దకాయకు కో-1 వంటి, ఏడెనిమిది కిలోలు తూగు రకము తీసికొనవలెను. 2023లో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే పోటీలో 1,247 కిలోలు తూగిన గుమ్మడికాయ మాగ్జిమా జాతికి చెందినది. మన పొలములలో ఎక్కువగా పండునది మొస్కేటా జాతి. ఆ కాయలు పెంచువారును పిందెలు ఎంచుకొను తీరు ఇదే.

అంగడికి పండించువారికి ఒక్క కాయ పద్ధతి పనికిరాదు. అయిదారు కిలోల కాయలకే గిరాకి యుండును. మరీ పెద్దదానిని ముక్కలుచేసి అమ్మవలెను. అట్టివారు తీగకు రెండు మూడు కాయలుంచుకొని, తొడిమ సంగతి, ఈగ సంగతి మాత్రము చూచుకొనిన చాలును.