మీకు తెలుసా? లిఫ్ట్ లేవట్లేదా! పంపు విప్పకండి, ముందు పీటీవో లివర్ చూడండి!

ఇంజిన్ దివ్యంగా నడుస్తోంది. లిఫ్ట్ లివర్ లాగారు. గొర్రు కదల్లేదు! పంపు పోయిందనుకుంటున్నారా? ఆగండి! 1946లో వచ్చిన ఫెర్గూసన్ టీఈ-20 ట్రాక్టర్‌లో పీటీవో లివర్ వేసి ఉంటేనే హైడ్రాలిక్ పంపు తిరుగుతుంది. లివర్ న్యూట్రల్‌లో ఉందా, లిఫ్ట్ లేవనే లేవదు! పానా అక్కర్లేదు, మెకానిక్కూ అక్కర్లేదు. ఆ లివర్ వేస్తే చాలు, గొర్రు లేచి నిలబడుతుంది!

1939 నాటి ఫోర్డ్ 9ఎన్‌ది ఇంకో వింత. క్లచ్ తొక్కగానే లిఫ్ట్ కూడా ఆగిపోతుంది! అది జబ్బు కాదండీ, ఆ బండి తీరే అంత. క్లచ్ వదలండి, మళ్లీ లేస్తుంది!

ఇంత పాత బండ్లా అని తీసిపారెయ్యకండి! 1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ బృందం దక్షిణ ధ్రువానికి చేరింది దేనిమీదో తెలుసా? ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీద! పొలం దున్నే టీఈ-20లే! మంచులో దిగబడకుండా చక్రాలకు పట్టాలు తొడిగారు, అంతే!

ఈ లిఫ్ట్ కోసం కోర్టులో యుద్ధమే జరిగింది! తన పేటెంట్లు వాడుకున్నారని హ్యారీ ఫెర్గూసన్ ఫోర్డ్ కంపెనీ మీద దావా వేశాడు. 1952లో రాజీ కుదిరింది. ఫోర్డ్ కట్టింది 92 లక్షల 50 వేల డాలర్లు! పంపు నూనె పీల్చుకునే వైపు ఉండే చిన్న వాల్వు ఏర్పాటు కూడా మానుకోవాల్సి వచ్చింది!

లెక్క వేద్దామా? 3 అంగుళాల వెడల్పున్న పిస్టన్ తీసుకోండి. అరచేతిలో పట్టేస్తుంది! దాని మీద చదరపు అంగుళానికి 2,000 పౌండ్ల ఒత్తిడి పడితే వచ్చే తోపుడు 6 టన్నుల పైనే! అంత బలాన్ని లోపల ఆపి ఉంచేది ఓ సన్నటి సీలు. అది ఒక చోట చిట్లితే చాలు, ఎత్తిన రోటావేటర్ మెల్లగా దిగిపోతుంది!

మరి సీలు పోయిందో, పంపు పోయిందో తేల్చేదెలా? చాలా సులువు! బరువు ఎత్తండి, ఇంజిన్ ఆపండి, పక్కకు జరిగి 10 నిమిషాలు చూడండి. బరువు దిగిపోతోందా? ఆగి ఉన్న పంపును తిట్టి లాభం లేదు! నూనె సిలిండర్ సీలు దగ్గరో, వాల్వు దగ్గరో జారిపోతోంది. ఇంజిన్ నడుస్తుంటే ఇదే జబ్బు ఇంకో వేషం వేస్తుంది. గొర్రు కాస్త దిగుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ దిగుతుంది. అలా తల ఊపుతూనే ఉంటుంది!

ట్రక్కు ఎత్తే జాకీ తాగే నూనె ఎంతో ఊహించండి! 10 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవున్న జాకీ పూర్తిగా లేస్తే దాని కడుపులోకి దాదాపు 8 లీటర్లు వెళ్లిపోతాయి! అంతా ట్రాక్టర్ నూనే! అప్పుడు గేజు కడ్డీ తీసి చూస్తే నూనె తక్కువే కనిపిస్తుంది. నిజంగా తగ్గిందనుకుని పోసేశారో, ట్రక్కు దిగాక నూనె ఎక్కువైపోతుంది! అన్నీ కిందికి దించాకే కొలవాలి.

కంటికి కనపడే దుమ్ము అసలు దొంగ కాదు! మన కన్ను 40 మైక్రాన్ల కన్నా సన్నటి రేణువును పట్టుకోలేదు. పంపులోని సందులు అంతకన్నా ఎంతో సన్నం! కాబట్టి చేతిలో మెరిసే నూనె కూడా పంపును అరగదీయొచ్చు. నూనె పోసే మూత చుట్టూ ముందు గుడ్డతో తుడవండి. ఈ ఒక్క అలవాటు పంపు ఆయుష్షు పెంచుతుంది!

దమ్ము చేసిన బండికి నూనె తీసి చూశారా? మజ్జిగలా తెల్లగా ఉంటే లోపల నీళ్లు చేరినట్టే! అనుమానం తీరాలంటే వేడి పెనం మీద ఒక్క చుక్క వెయ్యండి, కాస్త దూరంగా నిలబడి. నీరు 100 డిగ్రీలకే ఆవిరైపోతుంది కదా, నూనెలో నీళ్లుంటే చిటపటమంటుంది! మంచి నూనె చప్పుడు చెయ్యదు. తెల్లబడిన నూనెలో కొత్త నూనె కలిపి సరిపెట్టకండి. మొత్తం మార్చాలి. నీళ్లు దూరిన సీలు కూడా వెతకాలి.

ఇది మాత్రం చెవిలో చెబుతున్నా, గట్టిగా గుర్తుపెట్టుకోండి! హైడ్రాలిక్ గొట్టానికి సూదిమొన అంత చిల్లు పడిందా? వేలు పెట్టి తడమకండి! చర్మాన్ని చీల్చుకుని నూనె లోపలికి దూసుకుపోవడానికి చదరపు అంగుళానికి 100 పౌండ్ల ఒత్తిడి చాలు! లిఫ్ట్ లైనులో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. గాయం చూస్తే ముల్లు గుచ్చుకున్నంతే. నొప్పీ మొదట అంతగా ఉండదు. కానీ లోపల కండ కుళ్లుతుంది! వేలే తీసెయ్యాల్సి రావచ్చు! అట్టముక్క అడ్డుపెట్టి వెతకండి, తడి మచ్చ చిల్లు చోటు చెప్పేస్తుంది. నూనె ఒంట్లోకి వెళ్లిందని అనుమానం వచ్చినా అదే గంటలో ఆసుపత్రికి పరుగెత్తండి!

ఇప్పుడు బ్రేకుల సంగతి! ఒక పక్కే పట్టడం లేదా? డ్రమ్ము విప్పితే లైనర్లు నూనెలో తడిసి ఉన్నాయా? నేరస్తుడు బ్రేకు కాదు! వెనక ఇరుసు ఆయిల్ సీలు! నూనె తాగిన లైనర్‌ను పెట్రోలుతో కడిగినా 1 రోజు ముచ్చటే. వేడెక్కగానే నూనె మళ్లీ పైకి ఊరుతుంది. సీలు మార్చండి, లైనర్లు రెండు పక్కలా మార్చండి!

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను తాగుతుంది! కొత్త డాట్-3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు. తేమ బాగా పట్టాక 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు! అప్పుడు పుట్టే ఆవిరి నలుగుతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఇంకో మాట! దీని బదులు ఇంజిన్ ఆయిల్ పోశారో, లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి! మీ బండికి ఏ ఆయిల్ పడుతుందో మూత మీదో, పుస్తకంలోనో చూశాకే పొయ్యండి.

వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి రెట్టింపు కాదు, 4 రెట్లు! 10 కిలోమీటర్ల వేగంలో బాగానే పట్టిన బ్రేకు 20లో చాలకపోవడం అందుకే! వెనక ట్రక్కు నిండా చెరకు ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. దానికి తోడు పొలంలో మలుపు కోసం విడదీసిన రెండు పెడళ్లు రోడ్డు మీదా అలాగే ఉన్నాయనుకోండి, ఒక్క చక్రమే బిగుసుకుని బండి పక్కకు తిరగబడుతుంది! రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్ల మధ్య లాకు పడిందో లేదో చేత్తో లాగి చూడండి!