కారు నీళ్లు తాగదు నాన్నా!

సంక్రాంతికి ఊరెళ్తున్నాం. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఎప్పటిలాగే కిలోమీటర్ల కొద్దీ క్యూ. ఉన్నట్టుండి ఏసీలోంచి వేడిగాలి. చూస్తే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదుంది. బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపేసరికి బోనెట్ సందుల్లోంచి ఆవిరి.

నేను కంగారుగా రేడియేటర్ మూత తియ్యబోతే నాన్న చెయ్యి పట్టి లాగారు. ‘కాలిపోతుందిరా!’ ముప్పావుగంట ఆగి చూస్తే కూలెంట్ డబ్బా ఖాళీ. నాన్న డిక్కీలోంచి 2 లీటర్ల నీళ్ల బాటిల్ తెచ్చారు.

‘ఎన్నాళ్ల నుంచి పోస్తున్నావు నాన్నా?’

‘పాత బండి కదరా, అప్పుడప్పుడూ కాస్త నీళ్లు తాగుతుంది.’

అది నాన్న 2008లో కొన్న మొదటి కారు. రోడ్డు పక్క మెకానిక్ బోనెట్‌లోకి తొంగిచూసి, ‘హెడ్ గ్యాస్కెట్ పోయుంటుంది, ఇంజిన్ విప్పాలి’ అన్నాడు. నాన్న మొహం వాడిపోయింది. ‘ఇక అమ్మేద్దాంలే’ అన్నారు. అమ్మని బస్సెక్కించి, బండిని టోయింగ్ వ్యాన్ మీద హైదరాబాద్ తిరిగి తెచ్చాం.

అసలు సంగతేంటంటే, కారు నీళ్లు తాగదు. కూలెంట్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న దారిలో ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య తిరుగుతూ ఉంటుంది. మాటిమాటికీ తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే.

దొరకని బగ్

రాత్రి బండి కింద అట్టముక్క పరిచా. పొద్దున చూస్తే పొడిగా ఉంది! సాఫ్ట్‌వేర్‌లో దీన్నే ‘రీప్రొడ్యూస్ కాని బగ్’ అంటాం. ఆ బగ్ పుట్టే పరిస్థితిని మళ్లీ సృష్టిస్తే తప్ప దొరకదు. ఇంజిన్ వేడెక్కితే కూలెంట్ దారిలో ప్రెషర్ పెరుగుతుంది. చాలా కార్లలో రేడియేటర్ మూత సుమారు 1 బార్ వరకు ఆపుతుంది. ఆ ప్రెషర్‌లో మాత్రమే తెరుచుకునే చీలిక, చల్లబడితే మూసుకుపోతుంది. కారిన చుక్కలు వేడి ఇంజిన్ మీద పడి ఆవిరైపోతే నేల మీద ఆనవాలే ఉండదు.

ముందు గ్యాస్కెట్ అనుమానం తీర్చుకున్నా. ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలమీగడ లాంటి తెట్టు లేదు. బండి వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి దట్టమైన తెల్లపొగ రాలేదు. కారు లోపల తియ్యటి వాసన, తడిసిన కార్పెట్ లాంటివీ లేవు. అవి ఉంటే హీటర్ కోర్‌ని అనుమానించాలి.

తర్వాత మా కాలనీ మెకానిక్ అన్న దగ్గరికెళ్లా. చల్లటి ఇంజిన్‌కి, రేడియేటర్ మూత స్థానంలో చేతిపంపు లాంటి ప్రెషర్ టెస్టర్ బిగించాడు. గేజ్ ముల్లు మెల్లగా పడిపోవడం మొదలైంది. టార్చ్ వేసి వెతికితే కింది హోస్ పైపు క్లాంప్ పక్కన తెల్లగా ఎండిన చార, దాని మధ్యలో వెంట్రుకంత చీలిక. అందులోంచి ఒక్కో చుక్క!

హోస్, 2 క్లాంపులు, కొత్త మూత మార్చాడు. నాన్న పోసిన బోరునీళ్ల వల్ల లోపల తుప్పు పట్టింది. అదంతా ఫ్లష్ చేసి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోశాడు. ఇంజిన్ నడుపుతూ గాలిబుడగలు పోయేదాకా చూశాడు. పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి అయిపోయింది. మళ్లీ టెస్టర్ పెడితే ముల్లు కదల్లేదు.

మీరూ గుర్తుంచుకోండి

ముల్లు పైకెళ్తే ఏసీ ఆపి, బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి. వేడి మీద మూత ముట్టుకోవద్దు. కూలెంట్ మొత్తం పోతే సెన్సర్ ద్రవంలో మునగదు కాబట్టి, ముల్లు మామూలుగానే చూపించొచ్చు. దాన్నే నమ్ముకుని నడపకండి. కారిన కూలెంట్ వెంటనే తుడిచేయండి. అందులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకితే ప్రాణాలకే ముప్పు.

కారు అమ్మలేదు. కూలెంట్ డబ్బా మీద నేను మార్కర్‌తో గీత గీశా. నాన్న ప్రతి ఆదివారం పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూసి నాకు వాట్సాప్‌లో ఫొటో పంపుతారు. ఇప్పటిదాకా గీత కిందకి దిగలేదు. నీళ్ల బాటిల్ మాత్రం ఇంకా డిక్కీలోనే ఉంది. తీసేయమంటే నాన్న ఒప్పుకోవట్లేదు.