విద్యుత్సరఫరాలో నిలుకడ



ఆదోనిలో గాని ఎమ్మిగనూరులో గాని రేడియోలు బాగుచేయు అంగడికి బోయినచో, బల్లపై నొక చిన్న పెట్టె కానవచ్చును. 230 వోల్టుల విద్యుత్తును గైకొని, మీట త్రిప్పినకొలది 5, 9, 12 వోల్టులుగా నిచ్చుట దాని పని. కొందరు యువకులు దీనిని స్వయముగనే కట్టుకొందురు. ఇది తప్పినచో పరుల సొమ్మైన యంత్రము కాలిపోవును.

ఈ పెట్టెలో ఆప్-ఆంపు అను చిన్న సాధన మొకటి కలదు. అది వెలువడు వోల్టేజిని కోరిన కొలతతో నెల్లప్పుడు పోల్చుచు, తగ్గినచో ట్రాన్సిస్టరును మరింత తెరచును, పెరిగినచో మూయును. దీనికి పునర్నివేశమని పేరు.

తుంగభద్ర దిగువ కాలువ మనకు సుపరిచితమే. చివరి పొలమునకు నీరు చాలదని తూము నెత్తి, ఆ నీరు చేరులోపల మరింత నెత్తినచో, పిదప పొలము మునుగును. మునిగెనని మూసినచో మరల నెండును. దిద్దుబాటు మంచిదే, అది ఆలస్యముగా చేరుటయే కీడు.

పెట్టెలోను ఆప్-ఆంపు, ట్రాన్సిస్టరు, కెపాసిటరు తలా కొంత ఆలస్యము చేయును. ఆ మొత్తము ఒక ఊపులో సగమైనచో, అణచవలసిన దిద్దుబాటే ఎగద్రోయును. అప్పటికిని దాని బలము ఒక రెట్టుకు తగ్గకున్నచో ఊపు ఆగదు. ఈ నియమమును 1932లో అమెరికాలో హారీ నైక్విస్టు నిరూపించెను. సెకనుకు వేలు, లక్షల పర్యాయములు ఊగుచున్నను సామాన్యపు మీటరు సగటును మాత్రమే చూపి, 12 వోల్టులు నిలుకడగా నున్నట్లు నమ్మించును. ఆ ఊపు ఆసిలోస్కోపునకే కనబడును.

1965 నాటి 709 అను ఆప్-ఆంపునకు నిలుకడ కలిగించు కెపాసిటరును బయట తగిలింపవలసి యుండెను. 1968లో వచ్చిన 741లో 30 పికోఫారడుల కెపాసిటరు లోపలనే అమర్చబడెను. అయినను బయటి ట్రాన్సిస్టరు, కెపాసిటరులు చేయు ఆలస్యమునకు అది చాలకపోవచ్చును. అప్పుడు ఆప్-ఆంపు వెలుపలి కొననుండి దాని ఋణ ప్రవేశమునకు మరియొక చిన్న కెపాసిటరును కట్టుదురు. అది వేగపు ఊపులయెడ ఆప్-ఆంపు బలమును తగ్గించి, నెమ్మది మార్పులయెడ నిలుపును. తూమును కొద్దికొద్దిగా త్రిప్పుటవంటిదే యిది. మూల్యమేమనగా, భారము హఠాత్తుగా మారినప్పుడు వోల్టేజి కుదుటపడుటకు కొంత యెక్కువ కాలము పట్టును.

కావున మీ యింటి పిల్లలు ఇట్టి పెట్టె చేసికొనిరేని, మీటరు ఎంత చూపెనని మాత్రమే యడుగకుడు. భారమును తటాలున తగిలించి తీసినప్పుడు ఆసిలోస్కోపుపై గీత ఎన్నిమారు లూగెనో అడుగుడు. ఒక్కమారు తగ్గి కుదుటపడినచో మేలు. పలుమారు లూగినచో ఆ పెట్టెకు పరుల యంత్రమును తగిలింపరాదు.