విక్టోరియా జలపాతం: ఏ నెలలో వెళ్తే ఏం కనిపిస్తుంది?

విక్టోరియా జలపాతం చూసొచ్చినవాళ్లను ఇద్దర్ని పక్కపక్కన కూర్చోబెట్టి అడగండి. ఒకరు ‘తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించలేదు, తలనుంచి కాలిదాకా తడిసి ముద్దయ్యాం’ అంటారు. ఇంకొకరు ‘నీళ్లెక్కడున్నాయండీ, సగం మేర నల్లటి రాతి గోడే’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మొదటాయన వెళ్లింది ఏప్రిల్‌లో. రెండో ఆయన వెళ్లింది నవంబరులో, అదీ జాంబియా వైపు నుంచి. విమానం టికెట్లు, హోటళ్లు, పార్కు రుసుములు కలిపి లక్షల్లో ఖర్చయ్యే ప్రయాణం ఇది. డబ్బు కట్టేముందు కొన్ని అంకెలు తెలుసుకోవడం మంచిది.

ముందు కొలతలు. జింబాబ్వే, జాంబియా సరిహద్దులో జాంబెజీ నది 1,708 మీటర్ల వెడల్పున అంచు దాటి కిందికి పడుతుంది. బాగా లోతున్న చోట ఆ పాటు 108 మీటర్లు. ఎత్తులో దీనిది మొదటి స్థానం కానే కాదు. వెనెజువెలాలోని ఏంజెల్ జలపాతం 979 మీటర్లు, మన పొరుగున కర్ణాటకలోని జోగ్ 253 మీటర్లు. వెడల్పులోనూ దీన్ని మించినవి ఉన్నాయి. రెండూ కలిపి చూస్తేనే దీని పెద్దరికం తెలుస్తుంది. 1,708ని 108తో హెచ్చవేస్తే లక్షా 84 వేల చదరపు మీటర్లు, అంటే 45 ఎకరాలు. పడమటి కొసన లోతు 80 మీటర్లే కాబట్టి కొంత కోత వేసుకున్నా, నది నిండుగా పారే రోజుల్లో 40 ఎకరాలకు అటూఇటూగా నీటి తెర నిలువునా వేలాడుతుంది. ప్రపంచంలో ఇంత పెద్ద నీటి తెర మరెక్కడా లేదని చెప్పుకునేది ఈ లెక్క మీదే.

కానీ ఆ తెర ఏడాది పొడవునా అంత మందంగా ఉండదు. క్యూసెక్కుల్లో చెప్పుకుంటే మనకు సులువు. జాంబెజీలో ఇక్కడ ఏడాది సగటు ప్రవాహం సెకనుకు సుమారు 1,100 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 39 వేల క్యూసెక్కులు. మామూలు సంవత్సరంలో ఏప్రిల్ వచ్చేసరికి అది లక్ష దాకా వెళ్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో 10 వేలకు పడిపోతుంది, కరువు ఏడాదైతే ఇంకా కిందికి. ఏప్రిల్‌కూ నవంబరుకూ మధ్య తేడా పది రెట్లు. ఒకే టికెట్టు, ఒకే కాలిబాట, ఒకే వ్యూపాయింటు, చూసేది మాత్రం రెండు వేర్వేరు జలపాతాలు.

నమోదైన వరదల్లో పెద్దది 1958 మార్చిది. అప్పుడు సెకనుకు 10 వేల ఘనపు మీటర్ల దాకా, మన లెక్కన మూడున్నర లక్షల క్యూసెక్కులు పారింది. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 3.97 లక్షల క్యూసెక్కులకు. 2024 సెప్టెంబరులో అక్కడ 11.43 లక్షలు పోయింది. నీటి పరిమాణంలో మన కృష్ణమ్మ వరద ముందు జాంబెజీ రికార్డు వరద కూడా తేలిపోతుంది. కాకపోతే కృష్ణ నీరు బ్యారేజీ గేట్ల కిందనుంచి కొద్ది మీటర్లు దిగి సాగిపోతుంది. ఇక్కడి నీరు వంద మీటర్ల పైచిలుకు లోతుకు, ఐదు సెకన్లు కూడా పట్టకుండా, ఇరుకు సందులోకి పడుతుంది.

ఆ సందే అసలు విశేషం. చాలా జలపాతాలు కొండ అంచునుంచి విశాలమైన లోయలోకి పడతాయి. చూసేవాళ్లు కింద నిలబడి తల పైకెత్తుతారు. ఇక్కడ నది పారేది చదునైన నల్లరాతి పీఠభూమి మీద. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గడ్డకట్టి బసాల్టు రాయి అయింది, అందులో అడ్డంగా పగుళ్లు వచ్చాయి. నది ఆ పగుళ్లలోని మెత్తటి పదార్థాన్ని కోసుకుంటూ ఒక పగులు నుంచి ఎగువన ఉన్న ఇంకో పగులుకు వెనక్కి జరుగుతూ వచ్చింది. ఇప్పుడు జలపాతం కింద మెలికలు తిరుగుతూ కనిపించే లోయలన్నీ పాత జలపాతాల చోట్లే. లోయకు ఈ పక్కన నది, ఆ పక్కన దాదాపు అంతే ఎత్తున్న ఎదుటి గట్టు. యాత్రికులు నడిచేది ఆ గట్టు మీద, జలపాతానికి ముఖాముఖిగా. లోయలో పడ్డ నీరంతా బయటికి పోవడానికి ఉన్న దారి వెడల్పు వంద మీటర్లను కాస్త మించిన ఒకే ఒక్క చీలిక.

ఇక్కడే ఏప్రిల్ చిక్కు మొదలవుతుంది. లక్ష క్యూసెక్కులు ఆ ఇరుకులో పడితే తుంపర ఎటు పోతుంది? గాలి దాన్ని పైకి తంతుంది. అది 400 మీటర్లకు పైగా లేచి, 30 కిలోమీటర్ల అవతలికి కూడా మబ్బులా కనిపిస్తుంది. లేచిన నీరంతా తిరిగి పడేది ఎదుటి గట్టు మీద, అంటే మీ నెత్తినే. చుట్టూ ఎండిన పొదల అడవి ఉన్నా, ఆ గట్టు మీద మాత్రం ఏడాదంతా ఈ తుంపర తాగి పెరిగిన పచ్చటి చెట్లూ తీగలూ ఫెర్న్ మొక్కలూ ఉంటాయి. పార్కు గుమ్మం దగ్గర రెయిన్‌కోట్లు అద్దెకు ఇస్తారు. ఏప్రిల్‌లో అవి మెడ దగ్గరా మోచేతుల దగ్గరా చేతులెత్తేస్తాయి. ఫోన్‌కు ప్లాస్టిక్ సంచి లేకపోతే ఫొటో ఆశ వదులుకోవాలి. ఉన్నా, చాలా వ్యూపాయింట్ల దగ్గర ఫొటోలో పడేది తెలుపే. ఆ చప్పుడూ, కాళ్ల కింద రాయి అదురూ ఒంటికి తెలియాలంటే మాత్రం ఆ నెలే వెళ్లాలి. నా ఓటు దానికి కాదు, కానీ దానికి ఓటేసేవాళ్లను కాదనలేను.

మరో తిరకాసు ఉంది. ఆ ప్రాంతంలో వానలు పడేది నవంబరు నుంచి మార్చి దాకా. నది నిండేది వానలు ఆగాక. జాంబెజీ పుట్టేది వాయవ్య జాంబియాలో. అక్కడా, అంగోలాలోనూ కురిసిన వాన కిందికి దిగుతూ మధ్యలో బరోట్సే అనే విశాలమైన వరద మైదానంలో పరుచుకుంటుంది. ఆ మైదానం నింపుకున్నాకే నీటిని వదులుతుంది. అందుకే జలపాతం దగ్గర ఆకాశం తేటపడ్డ ఏప్రిల్‌లో నది ఉద్ధృతంగా ఉంటుంది, చినుకులు మొదలైన నవంబరులో అడుగంటి ఉంటుంది. ‘వానాకాలంలో వెళ్తే నీళ్లుంటాయి’ అన్న మన అలవాటు లెక్క డిసెంబరులో బోల్తా కొడుతుంది.

స్కాట్లాండ్ అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్‌ను నది నవంబరులో అడుగంటడమే ఆదుకుంది. కొలోలో తెగ మనుషులు నడిపిన పడవలో ఆయన 1855 నవంబరు 16న వచ్చాడు. నీరు తక్కువ కాబట్టే జలపాతం అంచునే ఉన్న దీవి మీద దిగి, బోర్లా పడుకుని కిందికి చూడగలిగాడు. కానీ కంటితో వేసిన అంచనా ఘోరంగా తప్పింది. వెడల్పు వెయ్యి గజాలనీ, లోతు వంద అడుగులనీ రాశాడు. అసలు వెడల్పు 1,868 గజాలు, లోతు 354 అడుగులు. 1860లో మళ్లీ వచ్చినప్పుడు తాడుకు తుపాకీ గుండ్లు, గుర్తుకోసం తెల్లటి గుడ్డపేలిక కట్టి అంచునుంచి వదిలారు. 310 అడుగుల తాడు దిగాక గుండ్లు ఒక రాతి వాలు మీద ఆగాయి. అడుగు ఇంకా కిందనే ఉంది. యాత్రికులు ఎక్కువ చేసి చెబుతారంటారు గానీ, ఈ జలపాతం విషయంలో మొదటి అబద్ధం తక్కువ వైపే జరిగింది.

ఆ దీవికి ఇప్పుడు లివింగ్‌స్టన్ దీవి అని పేరు. అక్కడ సరిగ్గా అంచు మీదే ఉన్న డెవిల్స్ పూల్ అనే మడుగులో ఈత కొట్టిస్తారు. మధ్యలో ఒక రాతి గట్టు మాత్రమే మనిషిని ఆపుతుంది. ఇది మామూలుగా ఆగస్టు మధ్య నుంచి జనవరి మధ్య దాకానే. నది పెరిగితే మూసేస్తారు. ఖర్చు తలకు వంద డాలర్ల పైమాటే. దిగువ లోయలో తెప్పల మీద రాఫ్టింగ్ కూడా నీరు తగ్గాకే బాగుంటుంది. 1905లో కట్టిన రైలు వంతెన మీదనుంచి 111 మీటర్ల బంజీ దూకుడుకు మాత్రం నెలతో పనిలేదు. ఆ వంతెనను జలపాతం తుంపర పడేంత దగ్గరగా కట్టాలని పట్టుబట్టిన బ్రిటిష్ వలస నాయకుడు సెసిల్ రోడ్స్ 1902లోనే చనిపోయాడు. ఆయన ఈ జలపాతాన్ని ఎన్నడూ చూడలేదు.

ఏ దేశం వైపు దిగాలన్నది ఇంకో ప్రశ్న. జలపాతం ముఖంలో ముప్పాతిక వంతు కనిపించేది జింబాబ్వే గట్టు నుంచే. పడమటి కొసన ఉన్న డెవిల్స్ కేటరాక్ట్ దగ్గర నది అంచు మిగతా చోట్లకన్నా పల్లం. ఎంత ఎండాకాలమైనా మిగిలిన నీరు అటే మళ్లుతుంది. జాంబియా వైపు తూర్పు భాగం అందుకే ముందు ఎండుతుంది. దానికి తోడు అక్కడ 108 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రానికి జలపాతం పైనుంచే నీళ్లు మళ్లిస్తారు. 2019 డిసెంబరులో ఎండిన రాతి గోడ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, విక్టోరియా ఎండిపోయిందని వార్తలొచ్చాయి. అది నిజంగానే తీవ్రమైన కరువు ఏడాది. కానీ ఆ ఫొటోల్లో చాలావాటిలో ఉన్నది మామూలు ఏడాది కూడా ఎండే తూర్పు భాగమే. ఆ మరుసటి ఏప్రిల్‌కు ప్రవాహం సెకనుకు 4 వేల ఘనపు మీటర్లు దాటింది. ఫొటో కింద నెలా, ఒడ్డూ రాయని వార్తను నమ్మడం కష్టం.

జాంబియా వైపును తీసిపారేయనక్కర్లేదు. నిండు నదిలో నైఫ్ ఎడ్జ్ అనే సన్నటి నడక వంతెన మీద నిలబడితే వచ్చే తడి జింబాబ్వే వైపు కూడా దొరకదు. రుసుమూ తక్కువ. ఇటీవలి రేట్ల ప్రకారం విదేశీయులకు జాంబియా వైపు 20 డాలర్లు, జింబాబ్వే వైపు 50. రెండు దేశాలకూ చెల్లే కాజా యూనివీసా అని 50 డాలర్ల వీసా ఒకటుంది, 30 రోజులకు. భారతీయ పాస్‌పోర్టుకు ఏ వీసా, ఎక్కడ ఇస్తారన్న నిబంధనలు మారుతుంటాయి కాబట్టి రాయబార కార్యాలయాలను అడిగాకే టికెట్ కొనండి. చిల్లర డాలర్లు దగ్గరుంచుకోండి, పెద్ద నోటిస్తే తిరిగి రావలసింది రావడం కష్టం. మలేరియా ప్రాంతం, డాక్టరును కలవండి. చేతిలో తినుబండారం కనబడితే బబూన్ కోతులు లాక్కుపోతాయి.

వీధుల్లో పాత జింబాబ్వే నోట్లు అమ్మేవాళ్లు తగులుతారు. 2009లో అచ్చేసిన 100 ట్రిలియన్ డాలర్ల నోటు, ఒకటి పక్కన 14 సున్నాలు, మన లెక్కలో 100 లక్షల కోట్లు. దేశంలో ధరలు అదుపు తప్పిన కాలం నాటిది అది. ఇప్పుడు జ్ఞాపికగా బేరమాడి కొనుక్కుంటున్నారు. దాని వెనక అచ్చయిన బొమ్మల్లో ఒకటి ఈ జలపాతమే.

మరి ఎప్పుడు వెళ్లాలి? ఒక్కసారే వెళ్లగలిగేవాళ్లకు జూన్, జులై నెలలే సరైనవి. నీటి తెర ఇంకా ఈ కొసనుంచి ఆ కొసదాకా ఉంటుంది, పొగ పలచబడి దాని వెనక జలపాతం కనబడుతుంది, ఆకాశం తేటగా ఉంటుంది. పౌర్ణమి రాత్రులు పార్కు తెరిచి ఉంచుతారు కాబట్టి వెన్నెల్లో ఇంద్రధనుస్సు చూసే అవకాశమూ ఉంది. దసరా సెలవుల్లో తప్ప వీలుకాని వాళ్లు డెవిల్స్ పూల్, రాఫ్టింగ్ కోసం వెళ్తున్నామనుకుని వెళ్లండి, జలపాతాన్ని జింబాబ్వే గట్టునుంచి చూడండి. అక్టోబరులో జాంబియా వైపు మాత్రమే చూపించే ప్యాకేజీని ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.