షోరూంలో ఒక ధర.. రోడ్డెక్కితే ఒక ధర
లాంగ్ టూరు బండి కొనేముందు చూసుకోవాల్సిన లెక్కలు

బెంగళూరు: శనివారం అర్ధరాత్రి దాటిందంటే బళ్లారి రోడ్డు మీద బండ్ల మోత మొదలవుతుంది. తెల్లారేసరికి నందికొండ ఎక్కాలని కొందరు, లేపాక్షిలో టిఫిన్ చేయాలని ఇంకొందరు, గండికోట దాకా పోయి పెన్నా లోయ చూసి రావాలని మరికొందరు. దేవనహళ్లి దాటాక రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర ఆగితే చెవిన పడేది సగం తెలుగే. హోసూరు, కోలారు, బాగేపల్లి కుర్రాళ్లతో పాటు అనంతపురం, కడప నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లూ ఉంటారు. అందరిదీ ఒకటే చర్చ. ఏ బండి కొనాలి, ఎంత పెట్టాలి?

వెనకటికి ఇంత తర్జనభర్జన లేదు. దూరం పోవాలంటే బుల్లెట్, లేదా మైసూరులో తయారయ్యే యెజ్డీ. కిక్ రాడ్‌నే మడిచి గేరు రాడ్‌గా వాడుకునే ఆ బండి కర్ణాటకవాళ్లకు సొంతింటి బిడ్డ. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో కరిజ్మా వచ్చాక మోజు అటు మళ్లింది. ఇప్పుడు రెండు లక్షల నుంచి మూడున్నర లక్షల మధ్యలోనే అరడజను బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

350 దగ్గర గీత

బండి అందం, ఇంజను శబ్దం తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది సీసీ. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అది దాటిన వాటికి అప్పటిదాకా సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది, ఒక్కసారిగా 40 శాతానికి ఎక్కింది. అంటే పన్నుతో కలిపి లక్షా 28 వేలు పలికే చిన్న బండి లక్షా 18 వేలకు రావాలి. లక్షా 31 వేలు పలికే పెద్ద బండి లక్షా 40 వేలవ్వాలి. కొన్ని కంపెనీలు పెంపును కొంతకాలం తామే భరించినా, గీత మాత్రం గీతే.

బీమా కూడా ఆ గీత దగ్గరే మారుతుంది. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ లోపు బండికి అది రూ.7,365. 350 దాటితే రూ.15,117. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్, మీటియర్ ఇంజన్లు సరిగ్గా 349 సీసీ. ఆ ఒక్క సీసీ తేడా విలువ ఇప్పుడు వేలల్లో ఉంది.

కర్ణాటక పన్ను.. తమిళనాడు పన్ను

అసలు గుండె గుభేలుమనేది రిజిస్ట్రేషన్ దగ్గర. కర్ణాటకలో లక్ష రూపాయలు దాటిన ద్విచక్ర వాహనానికి జీవితకాల పన్ను 18 శాతం. ఆ పన్ను మీద మళ్లీ 11 శాతం సెస్సు. రెండు లక్షల బండికి పన్ను 36 వేలు, సెస్సు రూ.3,960. అంటే నలభై వేలు. దానికి బీమా, ఇతర ఖర్చులు కలుపుకుంటే రెండు లక్షల బండి రెండున్నర లక్షలకు గానీ ఇంటికి రాదు. మూడు లక్షల బండి అయితే పన్నుకే అరవై వేలు.

అదే హోసూరులో అయితే? తమిళనాడు 2023 నవంబరులో పన్ను పెంచింది. అయినా లక్ష దాటిన బండికి 12 శాతమే. రెండు లక్షల బండి మీద పదహారు వేలు, మూడు లక్షల బండి మీద దాదాపు ఇరవై నాలుగు వేలు మిగులుతుంది. ‘హోసూరులో అత్తగారిల్లు ఉంది కదా, అక్కడ రాయించేద్దాం’ అనే ఆలోచన అందుకే పుడుతుంది.

హోసూరులోనో సూళగిరిలోనో నిజంగా కాపురముండి రోజూ ఎలక్ట్రానిక్ సిటీకి వచ్చి పోయేవాళ్లకు ఇబ్బంది లేదు. బండి ఉండేది అక్కడే. బొమ్మసంద్రలో పీజీ తీసుకుని బండి ఇక్కడే పెట్టుకున్నవాళ్ల సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే నంబరు మార్పించుకోవాలి. అప్పుడు కర్ణాటక పన్ను కట్టక తప్పదు. అక్కడ కట్టిన దాంట్లో మిగిలిన భాగం వెనక్కి తెచ్చుకోవడానికి ఆ రాష్ట్రం ఆఫీసు చుట్టూ తిరగాలి. పదహారు వేలు మిగిల్చబోయి ఇరవై సెలవులు పెట్టుకున్నట్టవుతుంది.

ఏ బండి ఎవరికి

2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 రూ.97 వేలకే వచ్చినప్పుడు మట్టిదారి ఎక్కాలనే కుర్రాళ్లు పండగ చేసుకున్నారు. 2025లో వచ్చిన దాని తమ్ముడు ఎక్స్‌పల్స్ 210 షోరూం ధర రూ.1.76 లక్షల నుంచి మొదలైంది. తేలిక బండి, గుంతలను లెక్కచేయదు. అవలబెట్ట, స్కందగిరి చుట్టుపక్కల పల్లె దారులకు దీన్ని మించింది లేదు. వెనక భార్యనో స్నేహితుడినో కూర్చోబెట్టుకుని రోజంతా హైవే మీద పోవాలంటే మాత్రం కొంచెం ఆలోచించాలి.

మీటియర్ 350 దీనికి పూర్తిగా తిరగేసిన బండి. 20 హార్స్‌పవర్, 191 కిలోల బరువు. పరుగు పెట్టదు, నడుస్తుంది. సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు, అంటే ముప్పై అంగుళాలే. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి రెండు కాళ్లూ నేలకు ఆనతాయి. అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. రాత్రి పదింటికి కదిరి దాటాక పంక్చరైతే ఈ మాట విలువ తెలుస్తుంది. ట్యూబున్న స్పోక్ చక్రమైతే అది విప్పేవాడు దొరికేదాకా బండి పక్కనే కూర్చోవాలి.

హోసూరు వాళ్లకు ఇంకో మాట. 1980లో టీవీఎస్ 50 పుట్టింది అక్కడే. బీఎండబ్ల్యూ పేరు మీద వచ్చిన జీ 310 జీఎస్ తయారైందీ అక్కడే. 2018లో దాని ధర రూ.3.49 లక్షలు. ‘మన ఊళ్లో తయారై మనకే అందని బండి’ అన్నట్టుండేది. 2020లో రూ.2.85 లక్షలకు దిగింది, 2025లో మన దేశంలో అమ్మకాలు ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో టీవీఎస్ తన సొంత పేరుతో అపాచీ ఆర్‌టీఎక్స్ తెచ్చింది. 299 సీసీ, 36 హార్స్‌పవర్, తొలి ధర రూ.1.99 లక్షలు. గీతకు ఇవతల ఉంటూనే మీటియర్ కంటే చాలా చురుకు. ట్యాంకు పన్నెండున్నర లీటర్లే. పొడుగు దారిలో బంకు ఎక్కడుందో చూసుకుంటూ పోవాలి.

గీతకు అవతల హిమాలయన్ 450 ఉంది. 2023 నవంబరులో రూ.2.69 లక్షలకు వచ్చింది, కొత్త జీఎస్టీ తర్వాత మూడు లక్షలు దాటింది. 40 హార్స్‌పవర్, 17 లీటర్ల ట్యాంకు. లడఖ్ పోవాలని నిజంగా తలచినవాళ్లు దీన్ని కొనొచ్చు. కేటీఎం 390 అడ్వెంచర్ ఇంకా వేగం. కానీ నాలుగు వరసల జాతీయ రహదారి మీద మోటారు సైకిలుకు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లని 2018లోనే కేంద్రం ఖరారు చేసింది. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన దారిలోకి 2023 ఆగస్టు 1 నుంచి బైకులను రానివ్వడం లేదు, సర్వీసు రోడ్డే గతి. మరి ఆ మిగతా హార్స్‌పవర్‌కు కట్టే అదనపు లక్ష దేనికో ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి. ఏడాదిలో టూరుకు పోయేది పది పన్నెండు రోజులు. సిల్క్‌బోర్డు దగ్గర క్లచ్ పట్టుకుని నిలబడేది మిగతా రోజులన్నీ.

వాయిదాలు, బట్టలు

లక్షన్నర అప్పు మూడేళ్లకు, 11 శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు రూ.4,900 పైచిలుకు. మొత్తం మీద వడ్డీకే దాదాపు 27 వేలు. ఇంటికి నెలనెలా డబ్బు పంపే కుర్రాడికి ఇది చిన్న లెక్క కాదు. ఊళ్లో అమ్మ ‘బస్సుకు రారాదా నాయనా’ అంటుంది, ఆమె బాధ ఆమెది. అందుకే ఈ లెక్కలోనే ఇరవై వేలు పక్కన పెట్టాలి. ఐఎస్ఐ గుర్తున్న పూర్తి ముఖం హెల్మెట్లు రెండు, మోచేతుల దగ్గర గట్టి పలకలున్న జాకెట్, గ్లౌజులు, చీలమండ కప్పే బూట్లు. బండికి మూడు లక్షలు పెట్టి సిగ్నల్ దగ్గర గంపలో అమ్మే టోపీ పెట్టుకునేవాళ్లు నగరంలో తక్కువేం లేరు. జేసీ రోడ్డులో రెండు మూడు కొట్లు తిరిగితే బేరం కుదురుతుంది. తలకు సరిపోయిందో లేదో మాత్రం పెట్టుకుని, బకిల్ బిగించి చూసుకోవాలి.

చేతిలో లక్షన్నరే ఉంటే సెకండ్ హ్యాండ్ చెడ్డ దారేమీ కాదు. మోజుపడి కొని, నాలుగు టూర్లు తిరిగి, కంపెనీ మారుతూ అమ్మేసేవాళ్లు బెంగళూరులో ఎక్కువ. ముందు ఫోర్కుల దగ్గర ఆయిలు కారుతోందేమో చూడాలి. చైన్, స్ప్రాకెట్ పళ్లు అరిగిపోయాయేమో చూడాలి. పరివాహన్‌లో నంబరు కొట్టి చలానాలు బాకీ ఉన్నాయేమో తెలుసుకోవాలి. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే అప్పు తీరినట్టు ఎన్ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బివ్వాలి. బండిని హోసూరుకో హిందూపురానికో తీసుకుపోయి పేరు మార్పించుకోవాలంటే ఇక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 కావాలి. ఆ ఊరి పన్ను మళ్లీ కట్టాల్సి వస్తుంది కాబట్టి, అదెంతో ముందే కనుక్కుని అమ్మేవాడి దగ్గర బేరం ఆడుకోవచ్చు.

కొత్తదైనా పాతదైనా టెస్ట్ రైడ్ అంటే షోరూం చుట్టూ ఒక రౌండు కాదు. ఆదివారం రద్దీలో కాకుండా వారం మధ్యలో పొద్దున్నే వెళ్లి అరగంట అడగాలి. రోజూ వెనక కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్లాలి. ఆపి, ఇంజను కట్టేసి, ఒక్కరే పది అడుగులు వెనక్కి నెట్టి చూడాలి. పీజీ సెల్లారులో రోజూ చేయాల్సిన పని అదే.