వానకాలములో రైలుబాట

“భారీ వర్షముల కారణముగా ఈ క్రింది రైళ్ళు రద్దు చేయబడినవి.” ఇట్టి ప్రకటనను చదువునపుడు, రేడియో ముందు కూర్చున్నవారిలో పెళ్ళికి పోవలసినవారును, ఆసుపత్రికి పోవలసినవారును ఉందురని మేమెరుగుదుము. తమ ఊర వాన లేకపోయినను బండి ఏల నిలిచినదని వారడుగుట సహజము. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే ఈ ప్రసంగము.

రైలుమార్గమునకు మహానదులకంటె చిన్న వాగులవలననే ఎక్కువ అపాయము. గోదావరి వరద భద్రాచలము దాటి రాజమహేంద్రవరము చేరులోపల జాగ్రత్తపడుటకు వ్యవధి ఉండును. వాగు అట్లు కాదు. సాయంకాలము పశువులు దాటిన వాగు అర్ధరాత్రికి వంతెనను ముంచవచ్చును. అందునను తెలంగాణమున చెరువులు గొలుసుకట్టుగా నున్నవి. పై చెరువునకు గండి పడినచో ఆ నీరు క్రింది చెరువును తెంచి, తుదకు రైలుకట్టను తాకును.

1954 సెప్టెంబరులో జనగామ వద్దను, 1956 సెప్టెంబరులో మహబూబునగరము వద్దను, 2005 అక్టోబరు 29వ తేదీన వలిగొండ వద్దను వరదకు వంతెనలు దెబ్బతిని రైళ్ళు ప్రమాదమునకు లోనైనవి. మూడింటను నూరేసిమందికి పైగా మరణించిరి.

కట్ట ఎట్లు తెగునో చూతము. వంతెన ఖానాలు చాలనపుడు నీరు ఒకవైపు నిలిచి, కట్టమీదుగా పొర్లి, రెండవవైపు వాలును కోయును. మొదట కంకర, పిమ్మట మన్ను పోవును. పట్టాలు మాత్రము స్లీపర్లతోగూడ ఉయ్యాలవలె గాలిలో వ్రేలాడుచుండును. ఇంజను దీపపు వెలుగున అవి చక్కగనే కనబడును. పట్టా తెగలేదు గనుక, దానిలో ప్రసరించు విద్యుత్తుపై ఆధారపడు సిగ్నలుగూడ దారి బాగున్నదనియే చెప్పును. 2024 సెప్టెంబరు 1వ తేదీన కేసముద్రము, ఇంటికన్నె స్టేషన్ల నడుమ పట్టాలిట్లే వ్రేలాడినవి. వందలకొలది బండ్లు రద్దయినవి. కాని ఏ బండియు ఆ గోతిలో పడలేదు.

సిగ్నలు చెప్పలేని సంగతిని మనిషి చెప్పవలెను. అందుకే వానరాత్రులందు గస్తీవారు లాంతరుతోను, పట్టాపై పేలు పటాకాలతోను కట్టవెంట నడచుచుందురు. వంతెన స్తంభములపై అపాయమట్టము గుర్తింపబడి యుండును. నీరు ఆ గీటును దాటినచో బండిని ఆపుదురు. రైలుమార్గమునకు ముప్పు తేగల చెరువుల జాబితా యొకటి కలదు. తొలకరికి ముందు రైల్వే యింజనీర్లును, రాష్ట్ర ప్రభుత్వపు అధికారులును ఆ కట్టలను కలిసి పరీక్షింపవలెను.

ఇంతటితో చాలదు. వంతెనల ఖానాలు గడచిన కాలపు వరదలను లెక్కగట్టి నిర్మించినవి. గాలి ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా నీటియావిరిని మోయగలదు. కావున ఒక్క రాత్రిలో కురియు వాన పూర్వపు లెక్కలను మించుచున్నది. పాత తూముల స్థానమున వెడల్పైన ఖానాలు కట్టవలెను; కట్టవాలుకు రాతిపరుపు వేయవలెను.

ఎండయు ఇట్టిదే. ఒక కిలోమీటరు పొడవు ఉక్కు, 30 డిగ్రీలు వేడెక్కినచో, సుమారు 34 సెంటీమీటర్లు సాగగోరును. అతికిన పొడుగు పట్టాలకు ఆ చోటు లేదు. కంకర గట్టిగా పట్టియుండనిచో అవి ప్రక్కకు వంగును. వేసవి మధ్యాహ్నములందు గస్తీ తిరుగుటయు, వేగము తగ్గించుటయు ఇందుకే.

ఇందు గ్రామస్థుల పాలును కలదు. అలుగు పారు కాలువను పూడ్చి ఇండ్లస్థలములు చేసినచో, ఆ నీరు మరియొక దారి వెదకుకొనును. ఆ దారి రైలుకట్టయే కావచ్చును. చెరువుకట్ట ఊటవేయుచున్నదని ముందుగా చూచువాడు రైతు. ఆ సంగతి తోడనే దగ్గరి స్టేషనునకు చేరవేసినచో, లేదా 139 నంబరునకు తెలిపినచో, ఎక్కడనో నిద్రించుచున్న వేయిమంది ప్రయాణికులకు మేలగును. ఆనాడు మేము చదువు జాబితాలో మరియొక బండి పేరు చేరవచ్చును. దానికై వేచియున్నవారు మమ్ము మన్నింతురుగాక.