నక్షా సర్వే: పైనుంచి తీసే ఫొటో, లేజర్ మీ ఇంటి హద్దును ఎలా కొలుస్తాయి? మీరు ఏం చూసుకోవాలి?

మీ పట్టణం నక్షా జాబితాలో ఉంటే ఈ వివరణ మీకే. ఆకాశంలో డ్రోనో విమానమో కనిపించిన రోజు నుంచి ఇంటి హద్దు మ్యాపులోకి ఎక్కే రోజు దాకా ఏం జరుగుతుందో, మీరు ఎక్కడ గట్టిగా ఉండాలో ఇందులో ఉంది. ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

ఈ సర్వే ఎందుకు?

పొలానికి సర్వే నంబరు ఉంటుంది, ఎఫ్ఎంబీ ఉంటుంది, అడంగల్ ఉంటుంది. పట్టణంలో ఇంటికి చాలాచోట్ల అలాంటి రికార్డే లేదు. మన దగ్గర ఉండేది రిజిస్ట్రేషన్ దస్తావేజు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు. పన్ను రసీదు పన్ను కట్టారని చెబుతుందే గానీ స్థలం మీదేనని చెప్పదు. ఇక దస్తావేజులో "తూర్పు: ఫలానా వారి ఇల్లు, పడమర: బజారు" అని రాసి ఉంటుంది. ఆ ఫలానా వారు ఇల్లు అమ్ముకుని ముప్పై ఏళ్లయి ఉంటుంది, బజారు ఈ మధ్యలో రెండుసార్లు వెడల్పయి ఉంటుంది. తగాదా వస్తే ఏ గోడ దగ్గర మొదలుపెట్టి కొలవాలో ఎవరికీ తెలియదు.

ఈ లోటు తీర్చడానికి కేంద్ర భూ వనరుల శాఖ 2025 ఫిబ్రవరి 18న నక్షా కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. మొదటి విడతలో దేశం మొత్తం మీద 152 పట్టణాలను తీసుకున్నారు. సాంకేతిక పని సర్వే ఆఫ్ ఇండియాది, ఊళ్లో జరిగే పరిశీలన రాష్ట్ర సిబ్బందిది. దీని ఖర్చు సుమారు రూ.194 కోట్లు, మొత్తం కేంద్రమే పెట్టుకుంటోంది. అంటే సర్వే కోసం మీరు కట్టాల్సింది ఏమీ లేదు.

పైనుంచి ఫొటో ఎలా తీస్తారు?

డ్రోన్ గానీ చిన్న విమానం గానీ పొలం దున్నినట్టు వరుసగా అటూ ఇటూ తిరుగుతూ ఫొటోలు తీస్తుంది. ఒక ఫొటోలో వచ్చిన చోటే పక్క ఫొటోలోనూ చాలావరకు వచ్చేలా తీస్తారు. మనకు రెండు కళ్లుంటేనే దూరం తెలిసినట్టు, ఒకే ఇంటిని రెండు మూడు చోట్ల నుంచి చూస్తేనే దాని ఎత్తు, అసలు స్థానం లెక్కకు అందుతాయి. ఆ ఫొటోలను కంప్యూటర్లో సరిచేసి, ఎక్కడ కొలిచినా కొలత సరిగ్గా వచ్చే ఒకే పెద్ద చిత్రంగా కలుపుతారు.

ఆ చిత్రం నేల మీద సరైన చోట కూర్చోవాలంటే కింద గుర్తులు కావాలి. అందుకే రోడ్ల మీద, ఖాళీ స్థలాల్లో ముందే గుర్తులు పెట్టి వాటిని జీపీఎస్ పరికరంతో కొలుస్తారు. మీ వీధిలో అలాంటి గుర్తు కనిపిస్తే చెరపకండి, దాని మీద బండి పెట్టకండి. పిల్లలకు కూడా చెప్పండి.

కొన్ని పట్టణాల్లో నిట్టనిలువుగా కిందికి చూసే కెమెరా ఒక్కటే వాడతారు. కొన్నిచోట్ల ఏటవాలుగా చూసే కెమెరాలు కూడా ఉంటాయి. వాటిలో గోడలు, అంతస్తులు కనపడతాయి. మరికొన్నిచోట్ల వీటికి తోడు లేజర్ ఉంటుంది.

లేజర్ ఏం కొలుస్తుంది?

దీన్ని లైడార్ అంటారు. పైనుంచి కంటికి కనపడని కాంతిని సెకనుకు లక్షల సార్లు కిందికి వదిలి, అది తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెడుతుంది. కాంతి వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి వెళ్లి రావడానికి దానికి పట్టేది సెకనును పది లక్షల వంతులు చేస్తే అందులో రెండు వంతులు! ఆ సమయాన్ని బట్టే కింద ఉన్నది ఎంత ఎత్తులో ఉందో తేలుతుంది. ఫొటోలో వేపచెట్టు కింద నేల కనపడదు. లేజర్ కాంతి మాత్రం ఆకుల సందుల్లోంచి కొంత నేలదాకా వెళ్లి వస్తుంది కాబట్టి చెట్టు కింద మట్టం కూడా తెలుస్తుంది. ఊళ్లో ఏ వీధి పల్లంలో ఉంది, వాన పడితే నీళ్లు ఎటు పారతాయి, కాలువ ఎటు తవ్వాలి అన్నవి ఈ ఎత్తుల లెక్కతోనే తేలతాయి. ఏటా ఇంట్లోకి నీళ్లొచ్చే వీధుల వాళ్లకు అసలు లాభం ఇక్కడే.

ఇంటి లోపల ఏముందో లేజర్ చూస్తుందా అని కొందరు భయపడుతున్నారు. చూడలేదు. కప్పు తగలగానే కాంతి వెనక్కి తిరుగుతుంది.

ఆకాశం నుంచి తేలనిది ఏమిటి?

ఇదే అన్నింటికంటే ముఖ్యం. పైనుంచి కనపడేది కప్పు, గోడ కాదు. పెంకుటింటి చూరు గోడ కంటే రెండడుగులు బయటికి ఉంటుంది. రేకుల షెడ్డు పక్కవారి వైపు కాస్త వంగి ఉంటుంది. రెండిళ్ల చూర్లు కలిసిపోతే మధ్యలో ఉన్న సందు ఫొటోలో కనపడనే కనపడదు, రెండూ ఒకే ఇల్లులా ఉంటాయి. ఆ సందు ఎవరిది, ఉమ్మడి గోడ ఎవరు కట్టారు, బయటి అరుగు మీ స్థలంలోదా రోడ్డు మీదదా అన్నది ఏ కెమెరా చెప్పలేదు.

ఖాళీ స్థలాలది ఇంకా కష్టం. ఇళ్ల పట్టా తీసుకుని ఇంకా కట్టుకోని వాళ్ల స్థలం పైనుంచి చూస్తే ఉత్త నేల. కంచె లేదు, రాయి లేదు, పిచ్చిమొక్కలే. సర్వే వచ్చేలోపు హద్దు రాళ్లు పాతించుకోండి, పొదలు కొట్టించండి. వీలైతే మూలల్లో సున్నంతో తెల్లగా గుర్తు పెట్టండి. పల్లెల్లో 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ సర్వేలో డ్రోన్ ఎగిరే ముందు ఇంటి హద్దులకు ఇలాగే సున్నం గీతలు వేస్తారు. పక్కవారిని కూడా పిలిచి, ఇద్దరూ చూస్తుండగా గుర్తు పెట్టుకుంటే సగం తగాదా అక్కడే తీరిపోతుంది.

సిబ్బంది ఇంటికి వచ్చినప్పుడు

ఫొటో మ్యాపు పట్టుకుని సిబ్బంది ఇంటింటికీ వచ్చి సరిచూస్తారు. ఆ రోజు ఇంటి విషయం తెలిసినవాళ్లు ఒకరు ఉండాలి. దస్తావేజు లేదా పట్టా, ఈసీ, ఇంటి పన్ను రసీదు, ప్లాన్ ఆమోదం ఉంటే అదీ, వీటి జిరాక్సులు దగ్గర పెట్టుకోండి. అసలు కాగితాలు చూపించండి, ఎవరికీ ఇచ్చి పంపకండి. అద్దెకు ఉంటున్నవారు యజమాని ఎవరో చెబితే చాలు, తమ పేరు రాయించుకోకూడదు. బ్యాంకు ఖాతా నంబరుకు, ఏటీఎం పిన్నుకు ఈ సర్వేతో ఏ సంబంధమూ లేదు. అడిగినవాడు మోసగాడే.

కొలతల దగ్గర చాలామంది కంగారుపడతారు. దస్తావేజులో 120 గజాలని ఉంటుంది, మ్యాపులో 100 అని కనపడుతుంది. "ఇరవై గజాలు పోయాయి" అని గొడవకు దిగే ముందు అది చదరపు మీటర్లేమో చూడండి. ఒక గజం అంటే 0.836 చదరపు మీటర్లు, కాబట్టి 120 గజాలు అంటే సుమారు 100 చదరపు మీటర్లే. సెంటు అంటే 48.4 గజాలు, అంటే దాదాపు 40.5 చదరపు మీటర్లు. ఇలా మార్చి చూసినా తేడా ఉంటే అప్పుడు అడగాలి.

మ్యాపులో తప్పు ఉంటే

ముందు చిత్తు మ్యాపు, వివరాలు చూపించి అభ్యంతరాలు అడుగుతారు. గడువు నోటీసులోనే ఉంటుంది. అది దాటకముందే మున్సిపల్ ఆఫీసులోనో వార్డు సచివాలయంలోనో రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే చెప్పినట్టు రుజువు ఉండదు. ఏ వైపు హద్దు, ఎన్ని అడుగుల తేడా, ఏ కాగితం ప్రకారం అన్నది రాయండి. "మాకు అన్యాయం జరిగింది" అని మాత్రమే రాస్తే పరిశీలించేవారికి ఏమీ అర్థం కాదు.

సర్వే హద్దును కొలుస్తుంది గానీ లేని హక్కును పుట్టించదు, ఉన్న హక్కును తీసేయదు. ఇల్లు ఎవరిదన్న దావా కోర్టులో నడుస్తుంటే ఆ సంగతి కేసు నంబరుతో సహా సిబ్బందికి చెప్పి రాయించండి.

ఇల్లు ఇంకా చనిపోయిన తండ్రి పేరునో అత్తగారి పేరునో ఉంటే వారసులందరి పేర్లూ చెప్పండి. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లల పేర్లు, ఊళ్లో లేని అన్నదమ్ముల పేర్లు వదిలేయొద్దు. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇప్పుడే తెచ్చిపెట్టుకుంటే, సిబ్బంది తలుపు కొట్టిన రోజు పరుగులు పెట్టనక్కర్లేదు.